గుజిరీ అంగడికి నోటీసొచ్చింది... పోట్లాడాలా, మారాలా, మూసేయాలా?

తిరుపతి నుంచి ఒకావిడ ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరూ పేటా బయట పెట్టొద్దన్నారు. అందుకని ఆ రెండూ తీసేసి, మిగతాది కుదించి చెబుతున్నాను.

వాళ్లది పాత సామాన్ల అంగడి. మామగారు 1994లో పెట్టారు. అప్పుడు ఆ సందులో నాలుగు పెంకుటిళ్లు, వెనక ఖాళీ జాగా. ఇప్పుడు ఎదురుగా ఐదంతస్తుల అపార్ట్‌మెంటు, పక్కన చిన్నపిల్లల బడి. మామగారు 2019లో పోయారు. స్థలం ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉంది. ట్రేడ్ లైసెన్సు కూడా ఆయన పేరు మీదే ఉంది, దాన్ని ఏటా ఫీజు కట్టి రెన్యువల్ చేయిస్తున్నారు. కాటా దగ్గర ఈవిడ భర్త కూర్చుంటారు, లెక్కలు ఈవిడ రాస్తారు. మరిది వ్యాన్ వేసుకుని లాడ్జీలూ హోటళ్లూ తిరిగి అట్టలూ బాటిళ్లూ తెస్తాడు. అది కాక ఎలక్ట్రీషియన్ల దగ్గర పాత వైర్లు కొని, వారంలో రెండు మూడు రాత్రులు పదకొండు దాటాక పెరట్లో కాల్చి రాగి తీస్తాడు. ఆ రాగి డబ్బు అతనిదే, ఎవరూ లెక్క అడగరు. సరుకు ఏరడానికి నలుగురు ఆడవాళ్లు నడిచి వస్తారు.

గత నెల నగరపాలక సంస్థ నుంచి నోటీసు వచ్చింది. ఇళ్ల మధ్య తుక్కు వ్యాపారం చేస్తున్నారు, రోడ్డు మీదా కాలవ మీదా సరుకు పెడుతున్నారు, వ్యర్థాలు కాలుస్తున్నారు, 15 రోజుల్లో సంజాయిషీ ఇవ్వకపోతే మూయిస్తాం అని దాని సారాంశం. ఫిర్యాదు చేసింది ఎదురు అపార్ట్‌మెంటు ఆవిడ. ఆమె బాబుకి ఉబ్బసం. మొన్నమొన్నటి దాకా పాత పేపర్లు వీళ్ల అంగట్లోనే వేసేది. భర్తేమో "మేం ముప్పై ఏళ్ల నుంచి ఉన్నాం, వాళ్లు నిన్న వచ్చారు, కోర్టుకు పోదాం" అంటున్నారు. మరిది రేణిగుంట వైపు షెడ్డు చూశానంటాడు కానీ అడ్వాన్సు ఎవరు కట్టాలో చెప్పడు. ఏ ఆఫీసులోనూ ఉద్యోగం లేని ఒకాయన నలభై వేలిస్తే ఫైలు కదలకుండా చూస్తానంటున్నాడు. అత్తగారు అన్నదమ్ములను విడదీయొద్దని ఏడుస్తోంది. "మేం పోట్లాడాలా, మారాలా, మూసేయాలా? మరిది వైర్లు కాల్చే సంగతి నేనే ఆఫీసులో చెబితే తప్పవుతుందా?" ఇవీ ఆవిడ అడిగినవి.

గడువు దగ్గర పడిందని చూసి, ముందు సంజాయిషీకి ఇంకో రెండు వారాలు టైము అడుగుతూ అర్జీ ఇవ్వమని విడిగా చెప్పాను, ఇచ్చారు. మిగతాది ఇక్కడ.

అమ్మా, మీ చేతికొచ్చిన కాగితం ఒకటే కానీ అందులో తగాదాలు మూడున్నాయి: పొగ, పేరు, చోటు. మీ ఇంట్లో అందరూ చోటు గురించే కొట్లాడుకుంటున్నారు. ఆ మూడింట్లో మీ చేతిలో తక్కువగా ఉన్నది అదే. పొగ ఈ రాత్రికే ఆపొచ్చు. పేరు సంగతి తేలడానికి కొన్ని వారాలు పడుతుంది. ముందు ఈ రెండూ అయితే మూడోదాని మీద అడగడానికి మీకో ముఖం ఉంటుంది.

పొగతో మొదలుపెడదాం. వైరు మీద తొడుగు చాలావరకు పీవీసీ. దాన్ని బయట కాలిస్తే డయాక్సిన్ల వంటి విషపదార్థాలు వస్తాయి. ఉబ్బసం ఉన్న పిల్లాడికి అది ఒక్క రాత్రి చాలు. చట్టం మాటకొస్తే, జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే బహిరంగంగా చెత్త కాల్చినందుకు 5 వేలు, పెద్దఎత్తున కాలిస్తే 25 వేలు జరిమానా అని ఆదేశించింది. మీ నోటీసులో మిగతా అంశాలకు ఏదో ఒక జవాబు రాసుకోవచ్చు. దీనికి జవాబు లేదు. ఎదురింటి బాల్కనీలోంచి తీసిన ఒక్క ఫోన్ వీడియో చాలు, మీ మామగారి ముప్పై ఏళ్ల పేరు పోవడానికి.

మీ మరిదికి ఇది నీతిగా చెబితే ఎక్కదు, రేటుగా చెప్పండి. కాల్చిన రాగి నల్లబడుతుంది, పైన బూడిద పేరుకుంటుంది, అందుకే పెద్ద వ్యాపారి దానికి తక్కువ కడతాడు. తొడుగు ఒలిచి తీసిన మెరిసే రాగికి కిలో మీద ఎక్కువ పలుకుతుంది. లావు వైరు ఒలవడానికి చేత్తో తిప్పే చిన్న మిషన్లు దొరుకుతాయి. వైరు ఒక వైపు పెట్టి పిడి తిప్పితే బ్లేడు తొడుగును నిలువుగా చీలుస్తుంది, రాగి ఒకవైపు, పీవీసీ ఒకవైపు పడతాయి. ఆ పీవీసీ కూడా అమ్ముడుపోతుంది. సన్న వైర్లు మాత్రం చేత్తో ఒలిస్తే కూలి గిట్టదు. వాటిని కాల్చకుండా అలాగే మూటలు కట్టి, అనుమతులున్న పెద్ద వ్యాపారికి అమ్మడమే. కొంత నష్టం వస్తుంది, రాదని చెప్పను.

మీ ఉత్తరం నాలుగో పేజీ చివర ఒక వాక్యం ఉంది: "అత్తమ్మ పెరటి గదిలోనే పడుకుంటుంది, రాత్రిళ్లు దగ్గుతానే ఉంటుంది, వయసు కదా అనుకుంటాం." దాన్ని మీరు రాసి, మళ్లీ వదిలేశారు. ముందు ఆమెను ఊపిరితిత్తుల డాక్టరుకు చూపించండి. చూపించేటప్పుడు పొగ సంగతి దాచకుండా చెప్పండి. రిపోర్టు ఏం వచ్చినా, ఆ గది దగ్గర మంట పెట్టొద్దని ఆమె నోటితోనే చిన్నకొడుక్కి చెప్పించగలిగితే మీ మాటకన్నా ఎక్కువ పని చేస్తుంది. ఇల్లు రెండు ముక్కలు కాకూడదనేది ఆమె కోరిక కదా, ఈ మాట ఆమెకు బరువు కాదు.

ఇక మరిది మీద మీరే ఫిర్యాదు చేయడం. తప్పా ఒప్పా అన్నది పక్కన పెట్టి, ఏం జరుగుతుందో చూడండి. పెరడు మీ అందరిదీ, అంగడి మామగారి లైసెన్సు మీద నడుస్తోంది. మంట ఎవరు పెట్టినా జరిమానా ఆ చిరునామాకే వస్తుంది, మూసేస్తే ఆ అంగడినే మూసేస్తారు. మరిది పేరు చెప్పినందుకు మీరు బయటపడరు. పైగా పోలీసుకు చెప్పినంత కోపం ఇంట్లో వదిన మీద మిగులుతుంది. దానికి బదులు సంజాయిషీలో "పలానా తేదీ నుంచి ఆవరణలో ఏ వస్తువునూ కాల్చడం జరగదు" అని అన్నదమ్ములిద్దరూ సంతకం చేసి ఇవ్వొచ్చు. చిన్నాయన సంతకం పెట్టనని మొండికేస్తే, తన వైర్ల వ్యాపారం ఆ రోజుతో ఆ ఆవరణ దాటిపోవాలని మీ ఆయన పెద్దమనుషుల ముందు చెప్పాలి. అది మీ ఆయన పని, మీది కాదు. ఆరు పేజీల్లో ఎక్కడా ఆయన తమ్ముడితో ఈ మాట నేరుగా అన్నట్టు మీరు రాయలేదు.

వైర్ల విషయంలో పొగను మించిన ముప్పు ఇంకోటుంది. మీ మరిది ఎవరి దగ్గర కొంటున్నాడో మీ లెక్కల పుస్తకంలో లేదన్నారు. చిత్తూరు, తిరుపతి పల్లెల్లో పొలాల ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టి రాగి చుట్టలు ఎత్తుకుపోయే దొంగతనాలు మీకు కొత్త కాదు. ఆ రాగి చివరికి ఏదో ఒక కాటా ఎక్కుతుంది. దొంగసొత్తని తెలిసి గానీ, అనుమానించాల్సిన కారణం ఉండి గానీ కొంటే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 317 సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు ఉంది. రైల్వే సామాను అయితే 1966 నాటి ప్రత్యేక చట్టమే ఉంది. ఆ సామాను మీ దగ్గరికి న్యాయంగానే వచ్చిందని మీరే రుజువు చేసుకోవాలి. రేణిగుంట జంక్షను పక్కన వ్యాపారం చేసేవాళ్లకు ఇది పుస్తకంలో మాట కాదు. రాగి, ఇత్తడి కొన్న ప్రతిసారీ అమ్మినవాళ్ల పేరు, ఆధార్ నంబరులో చివరి అంకెలు, ఫోను, తూకం, తేదీ రాసి సంతకం తీసుకోండి. లెక్కలు ఎలాగూ మీరే రాస్తారు, ఇంకో నోటుపుస్తకం పెట్టండి చాలు. పాత బైకులు మొత్తానికి మొత్తం కొని విడగొట్టడం ఉంటే అది కూడా ఆపండి. 2021 నిబంధనలు వచ్చాక వాహనాలు తుక్కు చేయడానికి రిజిస్టరైన కేంద్రాలే ఉండాలి. కారు బ్యాటరీలు తెరవకండి, ఆసిడ్ కాలవలో పోయకండి. టీవీలు, కంప్యూటర్ బోర్డులు పగలగొట్టొద్దు. వాటికి 2022లో వచ్చిన నిబంధనల ప్రకారం రిజిస్టరైన రీసైక్లర్లు వేరే ఉన్నారు.

ఇప్పుడు పేరు. చనిపోయిన మనిషి పేరు మీద ఐదారేళ్లుగా రెన్యువల్ చేయిస్తున్నారు. డబ్బు కట్టాం, రసీదు ఉంది కదా అని మీ ధీమా. ఆ లైసెన్సు ఇచ్చింది మీ మామగారికి. నగరపాలక సంస్థల చట్టం, అదే 1955 నాటి చట్టం, 521 సెక్షన్ కింద ప్రమాదకరమైన, ఇబ్బంది కలిగించే వ్యాపారాలకు లైసెన్సు తప్పనిసరి. ఆఫీసులో అందరూ 'డీ అండ్ ఓ' అనేది దాన్నే. రేపు విచారణలో లైసెన్సుదారుడు ఎవరని అడిగితే మీ ఆయన ఏం చెబుతారు? ఈ సంగతి వాళ్లు కనిపెట్టేలోపు మీరే చెప్పడం మేలు. మరణ ధృవీకరణ పత్రం, కుటుంబ సభ్యుల ధృవీకరణ పత్రం పెట్టి, బతికున్న మనిషి పేరు మీద కొత్తగా దరఖాస్తు చేయండి. ఆన్‌లైన్‌లో చిక్కు వస్తే వార్డు సచివాలయంలో పారిశుధ్య కార్యదర్శిని అడగండి.

ఇక్కడే మీ ఇంటి ముడి బయటపడుతుంది. దరఖాస్తులో ఎవరి పేరు రాయాలి? స్థలానికి వారసులు అత్తగారు, ఇద్దరు కొడుకులు, ఆడబిడ్డ ఉంటే ఆమె కూడా. మీ ఆయన ఒక్కరి పేరు రాయాలంటే మిగతావాళ్లు అభ్యంతరం లేదని రాసివ్వాలి. ఇన్నేళ్లూ ఎవరూ ఈ పని చేయకపోవడానికి కారణం బద్ధకం కాదని నా అనుమానం. ఎవరి పేరు పెట్టినా ఎవరిది ఎంత అనే మాట వస్తుంది, ఆ మాట వస్తే రాగి డబ్బు లెక్క కూడా వస్తుంది. నోటీసు దాన్ని ఇప్పుడు తప్పనిసరి చేసింది. అన్నదమ్ములు కూర్చుని పార్ట్‌నర్‌షిప్ డీడ్ రాసుకుంటే, వ్యాన్ ఎవరిది, అట్టల ఆదాయం ఎలా పంచుకోవాలి, రాగి ఎవరి లెక్క అన్నవి కాగితం మీదికి వస్తాయి. లేదంటే చిన్నాయన వేరుపడి తన వ్యాపారం తను చేసుకోవచ్చు. అత్తగారు దాన్ని విడిపోవడం అంటారు. కానీ ఒకే పెరట్లో లెక్క చెప్పుకోకుండా బతుకుతున్న ఇప్పటి పద్ధతిని కలిసుండటం అనడానికి నాకు మనసొప్పదు.

చోటు గురించి మీ ఆయన వాదన చాలామంది చేసేదే. ముందు మేమే వచ్చాం అని. వినడానికి న్యాయంగానే ఉంటుంది, నాకూ సానుభూతి ఉంది. కానీ పొగా వాసనా శబ్దమూ ఇబ్బంది పెడుతున్నాయని ఫిర్యాదు వచ్చినప్పుడు ముందు వచ్చామన్న మాట ఒక్కటే కోర్టులో నిలవదు. తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) మాస్టర్ ప్లాన్‌లో మీ సందు నివాస ప్రాంతంగా ఉంటే లైసెన్సు దాన్ని మార్చలేదు. ముందు అది తెలుసుకోండి. సర్వే నంబరుతో తుడా ఆఫీసులో అడిగితే చెబుతారు, చెప్పకపోతే సమాచార హక్కు కింద అడగండి. మీ సందు వాణిజ్య ప్రాంతంలోనో మిశ్రమ ప్రాంతంలోనో ఉంటే మీ కేసు సగం మారిపోతుంది.

కోర్టు తలుపు మూసి లేదు. సంజాయిషీ వినకుండా, తనిఖీ రిపోర్టు ఇవ్వకుండా మూసేస్తే హైకోర్టుకు వెళ్లొచ్చు, స్టే రావచ్చు కూడా. కానీ స్టే అంటే గెలుపు కాదు. విచారణలో కాలుష్య నియంత్రణ మండలిని తనిఖీకి పంపితే, ఆ రోజు పెరట్లో బూడిద కనిపిస్తే, మీరే తవ్వుకున్న గొయ్యి అవుతుంది. ఎదుటివాళ్లకీ దారులున్నాయి. ప్రజలకు ఇబ్బంది కలిగించే వ్యాపారాన్ని తొలగించమని కొత్త నాగరిక సురక్ష సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 152 సెక్షన్ కింద వాళ్లు ఆర్డీఓ దగ్గరికి పోవచ్చు. లాయరు ఫీజు భయం ఉంటే, ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. పిటిషను మీ పేరు మీద వేసే పరిస్థితి ఉంటేనే అది పనికొస్తుంది.

నలభై వేల మనిషి గురించి ఎక్కువ రాయను. ఇవ్వొద్దు. 2018లో అవినీతి నిరోధక చట్టం మారాక లంచం ఇచ్చినవాళ్లకూ శిక్ష ఉంది. బలవంతం మీద ఇవ్వాల్సి వస్తే ఏడు రోజుల్లో ఫిర్యాదు చేయాలి. పైగా ఆయన ఫైలు ఆపలేడు. ఫిర్యాదు చేసినావిడ ప్రతి సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇస్తూ పోతే ఎవరు ఆపుతారు?

ఇక మీ ముందున్న దారులు. నాకైతే మూడు కనిపిస్తున్నాయి, దేనికుండే నొప్పి దానికుంది.

ఉన్నచోటే ఉండాలంటే వ్యాపారం చిన్నదవ్వాలి. అట్టలు, పేపర్లు, కడిగిన బాటిళ్లు, కొద్దిగా ఇనుము మాత్రమే కొనడం, రోజు సరుకు రోజు ఎత్తేయడం, గడప దాటి ఒక్క బస్తా కూడా బయట పెట్టకపోవడం. వానకు తడిస్తే అట్టలు కుళ్లి వాసన వస్తుంది కాబట్టి పైన రేకులు వేయించాలి. మంటలు ఆర్పే సిలిండరు, ఇసుక బకెట్లు కనబడేలా పెట్టాలి. కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర పాతబడి ఉంటే అది కూడా చేయించండి, తనిఖీకి వచ్చినవాళ్ల కన్ను ముందు కాటా మీదే పడుతుంది. ఆదాయం తగ్గుతుంది. ఇన్ని చేసినా తుడా ప్లాన్ అడ్డం వస్తే లేచిపోవాల్సి రావచ్చు, కాకపోతే టైము దొరుకుతుంది.

రెండోది, విడగొట్టడం. ఊళ్లో చిన్న కొనుగోలు కౌంటరు, ఏరడం, నిల్వ అంతా బయట గోడౌన్‌లో. మీ మరిది చూసిన షెడ్డును వెంటనే కొట్టిపారేయకండి. అది పంచాయతీలో ఉందా, గాజులమండ్యం లాంటి ఏపీఐఐసీ (రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ) పారిశ్రామిక వాడలో ఉందా ముందు కనుక్కోండి. పంచాయతీ అయితే లైసెన్సు వాళ్ల దగ్గర. పారిశ్రామిక వాడ అయితే పన్నూ ప్లానూ చాలాచోట్ల ఏపీఐఐసీ కిందే 'ఐలా', అంటే ఆ వాడకు స్థానిక సంస్థ, చూస్తుంది, షెడ్డు ఏ పనికి కేటాయించారో అదే చేయాలి, ఓనరు సరే అన్నంత మాత్రాన చాలదు. ఏరి అమ్మడం వేరు, ప్లాస్టిక్ ముక్కలు చేయడం, కడగడం, కరిగించడం వేరు. ఆ రెండో రకం పనులు మొదలుపెడితే నీటి చట్టం, గాలి చట్టం కింద కాలుష్య నియంత్రణ మండలి అనుమతి కావాలి. మీ మరిది మనసులో గ్రైండరు పెట్టాలని ఉందేమో అడగండి, షెడ్డు అంత పెద్దదెందుకో అప్పుడు అర్థమవుతుంది.

గోడౌన్‌కు మారితే బిల్లులు కూడా మారాలి. పెద్ద వ్యాపారి ఈ మధ్య రేటు కోస్తున్నాడని రాశారు కదా. 2024 అక్టోబరు 10 నుంచి రిజిస్ట్రేషన్ లేనివాళ్ల దగ్గర లోహపు తుక్కు కొంటే జీఎస్టీ కొన్నవాళ్లే కట్టాలి. ఆయన ఆ భారాన్ని మీ రేటులో సర్దుకుంటున్నాడేమో. మీ టర్నోవరు ఏడాదికి 40 లక్షలు దాటుతుంటే రిజిస్ట్రేషన్ ఎలాగూ తప్పదు. దాటకపోయినా తీసుకుంటే లాభమా నష్టమా అని ఆడిటరుతో ఒకసారి లెక్క వేయించండి.

ఆ నలుగురు ఆడవాళ్ల గురించి మీరు రెండు చోట్ల రాశారు, మీ ఇంట్లో ఇంకెవరూ వాళ్ల మాటెత్తినట్టు లేదు. రేణిగుంట వైపు పోతే ఆటో ఖర్చే వాళ్ల కూలిని తినేస్తుంది. వ్యాన్ పొద్దున ఖాళీగానే పోతుంది కాబట్టి వాళ్లను ఎక్కించుకోవడం తేలికనిపిస్తుంది. కానీ సరుకు బండిలో మనుషుల్ని తీసుకెళ్తే ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ రాదు. బస్సు పాసు ఖర్చు మీ లెక్కలో వేసుకోండి, లేదా కౌంటరు దగ్గరే ఇద్దరికి పని ఉంచండి. కేంద్రం పారిశుధ్య కార్మికుల కోసం పెట్టిన నమస్తే పథకంలోకి చెత్త ఏరే పనివాళ్లను కూడా చేర్చింది, వాళ్ల పేర్లు నమోదయ్యాయో లేదో నగరపాలక ఆఫీసులో అడగండి.

మూడోది మూసేయడం. స్థలం ధర పెరిగింది, అద్దెకిచ్చినా బతకొచ్చు అని మీ ఆయన ఒకసారి అన్నారట. అనొచ్చు, కానీ పంపకాలు తేలకుండా అద్దె అగ్రిమెంటు మీద ఎవరు సంతకం పెడతారు? దానికీ ముందు పేరు తేలాలి. పైగా కొత్త పని వెతుక్కోవాల్సింది మీ ఆయనే. తమ్ముడికి వ్యానుంది, ఖాతాదారులున్నారు, అతను ఎక్కడైనా నిలబడతాడు. ఈ దారిలో ఎక్కువ పోగొట్టుకునేది మీరిద్దరే.

నన్నడిగితే, మొదటిదాంతో మొదలుపెట్టి ఆరు నెలల్లో రెండోదానికి మారడం మీ ఇంటికి కుదురుతుంది అనిపిస్తోంది. తుడాలో ఏం తేలుతుందో, చిన్నాయన ఏమంటాడో చూశాక మీరు వేరే నిర్ణయానికి రావచ్చు, తప్పేం లేదు.

సంజాయిషీ తెలుగులోనే రాయండి. పౌరుషం వద్దు, ముప్పై ఏళ్ల చరిత్ర ఒక్క వాక్యంలో చాలు. కాల్చడం ఆగింది, కాలవ మీద సరుకు తీసేశాం, ఫోటోలు జతపరిచాం, లైసెన్సు పేరు మార్పుకు దరఖాస్తు చేశాం, నంబరు ఇది అని రాయండి. ఫిర్యాదు ప్రతి, తనిఖీ రిపోర్టు, మా మాట వినడానికి ఒక తేదీ ఇవ్వమని అడగండి. ఇంకో మాట కలపండి. 2016లో వచ్చిన ఘన వ్యర్థాల నిబంధనల్లోనే చెత్త ఏరేవాళ్లనూ చిన్న తుక్కు వ్యాపారులనూ గుర్తించి కలుపుకుపోవాలని, సరుకు వేరుచేసుకోవడానికి చోటు ఉండేలా చూడాలని స్థానిక సంస్థలకు చెప్పారు. మమ్మల్ని వెళ్లగొట్టేముందు అలాంటి చోటు ఎక్కడుందో చూపండి, అక్కడికి మారడానికి మూడు నెలలివ్వండి అని అడగడం మీ హక్కు. ఊరంతటి అట్టలూ బాటిళ్లూ ఏరి పంపేది మీలాంటి అంగళ్లే. ఊరికి ఆ పని కావాలి, పనిచేసేవాళ్లు మాత్రం కనబడకూడదు అన్నట్టు ఉంటుంది కొన్నిసార్లు యవ్వారం.

ఎదురింటావిడ దగ్గరికి మీరొక్కరే వెళ్లండి, మీ ఆయన వద్దు. ఫిర్యాదు వెనక్కి తీసుకోమని అడగొద్దు. మంట ఆగిందని చెప్పి, మళ్లీ పొగ కనిపిస్తే ఏ టైములోనైనా చేయమని మీ ఫోన్ నంబరు ఇచ్చి రండి. సంజాయిషీ ఇచ్చేటప్పుడు రెండో ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోవడం మరవకండి. షెడ్డు ఓనరు అగ్రిమెంటు ముసాయిదా ఇస్తే, అడ్వాన్సు కట్టకముందే నాకు పంపండి.